ప్రాజెక్టు రిపోర్టు వ్రాయుట ఎట్లు?

చివరి సెమిస్టరు వచ్చిందంటే కళాశాలల చుట్టుప్రక్కల ఉండే జెరాక్సు దుకాణాలకు పండుగ వచ్చినట్లే. బి.బి.ఏ., బి.కాం. విద్యార్థులు గుంపులు గుంపులుగా అక్కడ కనిపిస్తారు. పాత రిపోర్టు ఒకటి కంప్యూటరులో సిద్ధంగా ఉంటుంది. విద్యార్థి పేరు, హాల్ టికెట్టు నంబరు, గైడు పేరు మారుస్తారు. సాయంత్రానికి బంగారు అక్షరాల అట్టతో పుస్తకం చేతికి వస్తుంది. అందులో ఒక్క వాక్యమైనా ఆ విద్యార్థి వ్రాసినది కాదు. చాలాసార్లు అతడు చదివినది కూడ కాదు.

కొన్నేండ్ల క్రిందట మౌఖిక పరీక్ష నిర్వహించుటకై నేను ఒక కళాశాలకు వెళ్లినాను. ఒక విద్యార్థి తెచ్చిన రిపోర్టు ఎక్కడో దూర నగరంలోని మోటారు సైకిళ్ల షోరూములో కొనుగోలుదారుల సంతృప్తిని గూర్చినది. "ఆ ఊరు ఎప్పుడైనా చూచినావా నాయనా?" అని అడిగినాను. తల వంచుకొన్నాడు. మాట మార్చి ఇంటి సంగతులు అడిగితే, తండ్రి టమోటా మండీలో హమాలీ అని చెప్పినాడు. అటు తరువాత పది నిమిషాలసేపు అతడే మాట్లాడినాడు. లారీలో బాక్సులు ఏ విధంగా పేరుస్తారో, వాన పడితే ఏ సరుకు ముందుగా చెడిపోతుందో, ఎండ ముదిరే కొద్దీ బేరం ఎందుకు సడలుతుందో, హమాలీలు కూలిని ఏ లెక్కన పంచుకొంటారో వివరించినాడు. డెబ్బది పుటల ఆ రిపోర్టులో ఇందులో ఒక్క ముక్క కూడ లేదు. తనకు తెలిసిన వ్యాపారం రిపోర్టుకు తగినది కాదని అతడు అనుకొన్నాడు. అట్లా అనుకొన్నందుకు అతనిని మాత్రమే తప్పుపట్టుట న్యాయం కాదు. అది తగినదేనని అతనికి చెప్పవలసిన మేము చెప్పలేదు. ఆనాటి నుండి ఈ విషయమై విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పవలెనని అనుకొంటూ వచ్చినాను.

రిపోర్టు ఎందుకు?

డిగ్రీ చదువులోని తక్కిన పేపర్లన్నీ, ఇతరులు కనుగొన్న సంగతులను మనం నేర్చుకొన్నామా లేదా అని పరీక్షిస్తాయి. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం మనంతట మనం ఒక సంగతిని కనుగొనగలమా అని అడుగుతుంది. మన రాష్ట్రంలో 2020-21 నుండి అమలైన డిగ్రీ ప్రణాళికలో సమాజసేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి అయినాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం, నాలుగేండ్ల ఆనర్సు పట్టాను పరిశోధనతో కోరే విద్యార్థి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు సంపాదించవలెను. నాలుగవ సంవత్సరంలో 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం వ్రాయవలెను. కావున ఈ పని ఇక చదువు చివర కట్టే సుంకం వంటిది కాదు. అది చదువులో భాగమే.

డిగ్రీ విద్యార్థి కొత్తగా కనుగొనగలిగేది ఏముంటుందని కొందరు సందేహిస్తారు. వారికి రోనాల్డ్ కోస్ సంగతి చెప్పవలెను. ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో బి.కాం. విద్యార్థి. పట్టా చేతికి రాకముందే, 1931-32లో ఉపకార వేతనంతో అమెరికా వెళ్లి అక్కడి కర్మాగారాలను చూచి, నిర్వాహకులను ప్రశ్నించినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై, ఇరవైయొక్క ఏండ్లు. ఆయన అడిగిన ప్రశ్న చాల చిన్నది: బజారులో ధరలే అన్నింటినీ నడిపించగలిగితే, కంపెనీలు అనేవి అసలు ఎందుకు ఉన్నాయి? బజారును వాడుకొనుటకు కూడ ఖర్చు అవుతుంది, ధర విచారించుటకు, బేరమాడుటకు, ఒప్పందం కుదుర్చుకొనుటకు కాలము, ధనము వ్యయమవుతాయి అన్నది ఆయన సమాధానం. 1937లో అచ్చయిన ఆ వ్యాసం ఆయనకు 1991లో నోబెల్ బహుమానం వచ్చుటకు ఒక ముఖ్య కారణమయింది.

ఆ ప్రశ్ననే మన మండీకి తెచ్చి చూడండి. రైతు తన టమోటాలను ఢిల్లీ వ్యాపారికి నేరుగా ఎందుకు అమ్ముకొనడు? నడుమ కమీషన్ ఏజెంటు ఎందుకు? కొనేవానిని వెదకుటకు, అతడు డబ్బు ఇస్తాడో లేదో తెలుసుకొనుటకు, పంట పెట్టుబడికి అప్పు తెచ్చుకొనుటకు రైతుకు ఎంత ఖర్చవుతుంది? కోస్ ప్రశ్న మదనపల్లెలో ప్రతిదినం తెల్లవారుజామున వినిపిస్తూనే ఉన్నది. వ్రాసుకొనేవారు కావలెను.

ప్రశ్నను ఎన్నుకొనుట

మన రిపోర్టుల పేర్లు సాధారణంగా "ఫలానా మార్కెట్టు – ఒక అధ్యయనం" అని ఉంటాయి. ఇది విషయమే గాని ప్రశ్న కాదు. విషయం మాత్రమే ఉన్నవాడు కనిపించినదంతా ప్రోగుచేస్తాడు. ప్రశ్న ఉన్నవాడు కావలసినదే వెదకుతాడు. మంచి ప్రశ్నకు మూడు గుర్తులు ఉన్నాయి. దానిని ఒక్క వాక్యంలో చెప్పగలగవలెను. సమాధానం ముందుగా తెలిసి ఉండరాదు. రెండు మూడు నెలలలో, బస్సు చార్జీలకు మించని ఖర్చుతో దానిని తేల్చగలగవలెను.

"మదనపల్లె టమోటా మార్కెట్టు – ఒక అధ్యయనం" అనుటకు బదులు "పాటలో పలికిన ధరలో రైతు చేతికి ఎంత చేరుతుంది?" అని అడగండి. ఇందుకు ఒక లెక్క చూపుతాను. ఈ అంకెలు ఉదాహరణ కొరకు నేను తీసుకొన్నవే. అసలు అంకెలు తెచ్చే పని మీది.

ఒక రైతు 100 బాక్సులు తెచ్చినాడు. బాక్సుకు 400 రూపాయలు పలికింది. మొత్తం 40,000. కమీషను నూటికి పది అనుకొంటే 4,000 పోతుంది. బాక్సుకు బండి బాడుగ 20, హమాలీ 5, కోత కూలి 15 రూపాయల చొప్పున మరి 4,000. మిగిలినది 32,000, అనగా పలికిన ధరలో 80 శాతం. ఇక ధర బాక్సుకు 100 రూపాయలకు పడిపోయింది అనుకొందాము. మొత్తం 10,000. కమీషను 1,000. కాని బాడుగ, హమాలీ, కోత కూలి ధరతో పాటు తగ్గవు గనుక 4,000 అట్లే ఉంటుంది. రైతుకు మిగిలేది 5,000 మాత్రమే. ధర నాలుగవ వంతుకు పడితే, రైతు రాబడి ఆరవ వంతుకు కూడ తక్కువయింది.

ఈ లెక్కలోనే మరొక సంగతి ఉన్నది. ధర బాక్సుకు సుమారు 44 రూపాయల వద్ద కోతకు, రవాణాకు పెట్టిన ఖర్చు మాత్రమే తిరిగి వస్తుంది. సాగుకు ముందే పెట్టిన పెట్టుబడిలో ఏమీ తిరిగిరాని ఈ స్థానాన్నే మన పాఠ్యపుస్తకం షట్ డౌన్ పాయింటు అంటుంది. అంతకంటె ధర దిగితే పంటను కోయకుండ వదలివేయుటే రైతుకు తక్కువ నష్టం. తోటలోనే కాయలు కుళ్లిపోతున్నప్పుడు, రోడ్డు ప్రక్కన పారబోసినప్పుడు చూచేవారు రైతుకు లెక్క తెలియదని అనుకొంటారు. ఆ లెక్క తెలిసినందువల్లనే అతడు ఆ పని చేస్తున్నాడు. 2023 జులైలో ఇదే మార్కెట్టులో కిలో ధర నూరు రూపాయలను దాటింది. ఇటువంటి ఎగుడుదిగుడుల నడుమ ఒక్కొక్క ఖర్చు ఎవరి మీద పడుతున్నదో ముప్పది మంది రైతుల రశీదులు చూచి వ్రాసిన విద్యార్థి, మార్కెటింగ్ పుస్తకంలో లేని పాఠం వ్రాసినవాడవుతాడు.

మూడు ఊళ్లలో ప్రశ్నలు

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలు వర్షం తక్కువైన మెట్ట ప్రాంతం. ఇచ్చటి కుటుంబాలు ఒక్క పంటపై ఆధారపడక టమోటా, పట్టుపురుగులు, పాడి, మగ్గం, కూలి ఇట్లా నాలుగు దారులు పట్టుకొని బ్రతుకుతాయి. వ్యాపార నిర్వహణ విద్యార్థికి ఇంతకంటె మంచి ప్రయోగశాల లేదు.

మదనపల్లెలో టమోటా మాత్రమే కాదు, నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలు ఉన్నాయి. అచ్చట నేతగాడు తన సొంత పట్టు కొని నేస్తున్నాడా, లేక సాహుకారు ఇచ్చిన పట్టుతో చీరకు ఇంత అని మజూరీకి నేస్తున్నాడా? ముడిపట్టు ధర హఠాత్తుగా పెరిగితే ఆ భారం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు ఇరువది ఇండ్లలో సమాధానం సేకరిస్తే నష్టభయం అనే అధ్యాయం బాగుగా అర్థమవుతుంది.

పుంగనూరు పేరు చెప్పగానే ఆ పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. సాధారణంగా ఆవుపాలలో వెన్న 3, 4 శాతం ఉంటే పుంగనూరు ఆవుపాలలో 8 శాతం వరకు ఉంటుందని ప్రసిద్ధి. అయినను పాల పరిమాణం తక్కువ గనుక రైతులు క్రమంగా సంకరజాతి ఆవుల వైపు మరలినారు. నేడు నగరాలలో ముచ్చటకు పెంచుకొనేవారు దానికి లక్షలు ఇస్తున్నారు. పాలకై పెంచిన పశువు విలువ పాలతో నిమిత్తం లేకుండ పెరిగిన ఈ విచిత్రం ధర నిర్ణయంపై చక్కని అధ్యయనాంశం. ఇంతకంటె సులభమైనది పాల కేంద్రం. అక్కడ వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాల శాతాన్ని బట్టి ధర కడతారు. పాలు పోసే గృహిణులలో ఎందరికి ఆ చీటీని చదువుట వచ్చు? చదువుట వచ్చినవారు మేతలో ఏమైనా మార్పు చేసినారా?

ఇటువంటి అంశాలు మన విద్యార్థినులకు ప్రత్యేకంగా అనుకూలిస్తాయి. తెల్లవారుజామున మండీలో నిలబడుటకు ఇంట్లో అనుమతి లేని అమ్మాయి నిరుత్సాహపడనక్కరలేదు. మగ్గం ఉన్న ఇంటి లోపలికి, పొదుపు సంఘం సమావేశానికి, పాలు పిండే దొడ్డికి ఆమె వెళ్లగలిగినంత స్వేచ్ఛగా అబ్బాయి వెళ్లలేడు.

ఇక కుప్పం. ఇచ్చటి నుండి అనేకులు ప్రతిదినం రైలులో బెంగుళూరుకు పనికి వెళ్లి వస్తారు. వారి రాకపోకల ఖర్చు, జీతం, ఇంటి అద్దెలో ఆదా కలిపి లెక్కవేస్తే ఒక రిపోర్టు అవుతుంది. అయితే కుప్పం గూర్చి చెప్పవలసిన మరొక విషయం ఉన్నది. 2002లో హ్యూలెట్ పాకార్డ్ అనే అమెరికా కంప్యూటరు కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇచ్చట ఐ-కమ్యూనిటీ పేరుతో ఒక ప్రయోగం చేసింది. గ్రామాలలో సమాచార కేంద్రాలు పెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలకు డిజిటల్ కెమెరాలు, సూర్యశక్తితో పనిచేసే ప్రింటర్లు ఇచ్చి, ఫోటోలు తీసి సంపాదించుకొనే మార్గం చూపింది. ఆ ప్రయోగంపై 2003 ఆగస్టులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాసం వెలువడింది. కొన్నేండ్లకు కంపెనీ వైదొలగింది. అమెరికా నుండి వచ్చినవారు మన పల్లెలను అధ్యయనం చేసి ప్రపంచానికి చెప్పినారు. మనం మాత్రం చూడని నగరంలోని షోరూము గూర్చి వ్రాసుకొంటున్నాము. కెమెరా పట్టిన ఆ స్త్రీలు నేడు ఏమి చేస్తున్నారు, ఆ అనుభవం వారికి తరువాత దేనికి ఉపయోగపడింది అని అడుగుటకు కుప్పంలోని విద్యార్థికి హార్వర్డు అనుమతి అవసరం లేదు.

సమాచార సేకరణ, భాష

ప్రశ్నావళిని ఇంగ్లీషులో తయారుచేసి, హాస్టలులోని యాబది మంది మిత్రులచేత నింపించుట సర్వసాధారణమైన లోపం. ఎవరి సంగతి తెలియవలెనో వారినే అడగవలెను. వారిలోను ఒకే వీధివారిని, ఒకే వేళకు వచ్చేవారిని అడిగితే ఫలితం ఒకవైపుకు ఒరుగుతుంది. ఉదయం ఆరు గంటలకు వచ్చిన రైతు, పది గంటలకు వచ్చిన రైతు ఒకే ధర చూడరు. అడిగిన తేదీ, వేళ, స్థలం ఆనాడే నోటుపుస్తకంలో వ్రాసుకొనండి. దానిని చివరివరకు భద్రపరచండి. మౌఖిక పరీక్షలో మిమ్ము కాపాడేది ఆ నోటుపుస్తకమే.

పాట జరుగుతున్నప్పుడు ఎవరినీ పలుకరించవద్దు. సరుకు అమ్ముడుపోయి టీ త్రాగే వేళ మంచిది. మొదటి మాటగా ఆదాయం అడిగితే పన్నులవారు పంపినారని అనుకొంటారు. ముందు పంట, తరువాత పరిమాణం, ఆ తరువాత ఖర్చు, చివరకు రాబడి అడగండి. పేర్లు వ్రాయమని మాట ఇచ్చి ఆ మాట నిలుపుకొనండి. మనం చూస్తున్నామని తెలిస్తే మనుషుల తీరు మారవచ్చునని కూడ గుర్తుంచుకొనవలెను. అమెరికాలోని హాతార్న్ కర్మాగారంలో 1924 నుండి 1932 వరకు జరిగిన ప్రయోగాల నుండి మేనేజిమెంటు పుస్తకాలు గ్రహించిన పాఠం ఇదే. ఆ అంకెలను తిరిగి పరిశీలించినవారు కొందరు ఆ నిర్ణయాన్ని శంకించినారు. ప్రసిద్ధమైన ఫలితాన్ని కూడ తిరిగి లెక్కవేయవచ్చునన్నది అందులోని రెండవ పాఠం.

భాష విషయంలో మన కళాశాల విద్యార్థులకు ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. మండీలో ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఉర్దూ వినిపిస్తాయి. కుప్పంలో తమిళం, కన్నడం కూడ కలుస్తాయి. దలాలీ, హమాలీ, రశీదు, బాకీ, జమ, ఖర్చు, వసూలు, జామీను అనే మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే విద్యార్థి ఈ వ్యాపారాన్ని రెండు వైపుల నుండి వినగలడు. కావున ప్రశ్నలను ముందు ఆ భాషలలోనే ఆలోచించి, సమాధానాలను వారు చెప్పిన మాటలలోనే వ్రాసుకొని, ఆ తరువాత రిపోర్టు కొరకు ఇంగ్లీషులోకి మార్చండి. రవీంద్రనాథ ఠాగూరు 1919లో మన జాతీయగీతాన్ని ఇంగ్లీషులోకి మార్చినది మదనపల్లెలోనే. ఒక భాషలోని భావాన్ని చెడకుండ మరొక భాషకు చేర్చుట ఈ ఊరికి కొత్త కాదు.

మీరు సేకరించిన అంకెలను ప్రభుత్వం వారి అగ్‌మార్క్‌నెట్‌లో ప్రకటించే దినసరి ధరలతో పోల్చి చూడండి. రెండింటికి తేడా వస్తే కంగారుపడి మీ అంకెలను దిద్దవద్దు. ఆ తేడాకు కారణం వెదకండి. ఒక్కొక్కసారి రిపోర్టులో పనికివచ్చే అధ్యాయం అదే అవుతుంది.

వ్రాయు విధానం

అధ్యాయాల క్రమం అందరికీ తెలిసినదే: ఉపోద్ఘాతం, పూర్వ గ్రంథాల సమీక్ష, పద్ధతి, విశ్లేషణ, నిర్ణయాలు. కాని ఆ క్రమంలోనే వ్రాయవలెనని లేదు. ముందు పట్టికలు సిద్ధం చేసికొనండి. పిమ్మట ప్రతి పట్టిక క్రింద అది ఏమి చెబుతున్నదో రెండు మూడు వాక్యాలు వ్రాయండి. ఉపోద్ఘాతం చివరకు వ్రాయండి. శాతం చెప్పినప్పుడు ఎంతమందిలో అన్నది తప్పక చెప్పండి. నలుగురిలో ముగ్గురు అన్నదానిని 75 శాతం అని వ్రాస్తే చదివేవాడు మోసపోతాడు. రెండు సంగతులు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తీర్మానించవద్దు.

"కంపెనీ వారు ప్రకటనలు పెంచవలెను" వంటి సూచనలు ఏ రిపోర్టుకైనా అతుకుతాయి. అందుచేత దేనికీ పనికిరావు. మీ సూచన మీ పట్టికలలో ఒకదాని నుండి పుట్టవలెను. మీరు అనుకొన్నదానికి విరుద్ధమైన ఫలితం వస్తే దాచవద్దు. ఎందరిని అడగలేకపోయినారో, ఏ కాలంలో చూడలేకపోయినారో చెప్పుటలో అవమానం లేదు.

ఇతరుల వ్రాతను తీసుకొన్నచోట వారి పేరు చెప్పండి. నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం సారూప్యం 10 శాతం దాటితే తిరిగి వ్రాసి సమర్పించవలెను, 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. ఈనాడు అడిగిన క్షణంలో రిపోర్టు వ్రాసి ఇచ్చే యంత్రాలు కూడ వచ్చినాయి. భాష దిద్దుకొనుటకు అవి సాయపడవచ్చును. కాని నిన్నటి ఉదయం మండీలో ఏ రైతు ఏమన్నాడో వాటికి తెలియదు. అక్కడ నిలబడి విన్నవానికే అది తెలుస్తుంది.

కళాశాల కమిటీ వారికి మనవి

విద్యార్థిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఒక్క గైడు క్రింద నలుబది మంది ఉంటే ఆయన సంతకం పెట్టగలడే గాని చదవలేడు. గైడుకు పది, పండ్రెండు మందికి మించకుండ చూడవలెను. పేద విద్యార్థులకు రాకపోకల ఖర్చు కొరకు కొద్ది మొత్తం కేటాయించవలెను. మంచి రిపోర్టుల ప్రతులను గ్రంథాలయంలో ఉంచితే, తరువాతి తరగతివారు వాటిపై ఆధారపడి ముందుకు సాగుతారు. ఒకే ప్రశ్నను పదేండ్లు వరుసగా అడిగితే ఈ ప్రాంతపు వ్యాపార చరిత్రే తయారవుతుంది.

మరొక మనవి. ప్రతి రిపోర్టుకు తెలుగులోను, ఉర్దూలోను ఒక్కొక్క పుట సారాంశం వ్రాయించి, సమాచారం ఇచ్చినవారికి దానిని అందజేసే ఏర్పాటు చేయవలెను. తమ పని మానుకొని మన ప్రశ్నలకు సమాధానం చెప్పినవారికి అది మన బాకీ. ఆ హమాలీ కుమారుడు తన తండ్రి పనిని గూర్చి తానే వ్రాసి, ఆ పుటను తండ్రికి చదివి వినిపించి ఉంటే, ఆ తండ్రి అందులో తప్పులు కూడ చూపించి ఉండేవాడు. వచ్చే సంవత్సరం మన విద్యార్థులలో కొందరైనా అటువంటి తప్పులు దిద్దించుకొన్న రిపోర్టులతో మౌఖిక పరీక్షకు వస్తారని ఆశిస్తున్నాను.